కుబుసం విడిచేదాకా ఆగుదాం

చలికాలపు పొద్దు తొందరగా గూకుతుంది. జగిత్యాల చలిలో కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుని మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి వేళ లేదు. ఇయ్యాల పాముల ముచ్చట పెట్టుకుందాం. అందులోనూ మన దిక్కు ఎవరూ పెద్దగా మాట్లాడని ముచ్చట: పెంచుకునే పాముపిల్ల ఆడదో మగదో ఎట్లా తెలుసుకోవాలి? దాని ఒంటికి నొప్పి కలగకుండా, దాని తోకకు ఏమీ కాకుండా?

ఇదేం ప్రశ్న అనకండి. చిన్న ఊళ్ల పిల్లల ఫోన్లలో కూడా ఇప్పుడు బాల్ పైథాన్, కార్న్ స్నేక్ అనే పేర్లు తిరుగుతున్నాయి. మొదటిది ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న కొండచిలువ, రెండోది అమెరికా పాము. రెంటికీ విషం లేదు. కొన్నవాడు రెండోరోజే అడిగే ప్రశ్న ఇదే, ఆడదా మగదా అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికే తొందరలోనే పాముపిల్లల నడుములు, తోకలు దెబ్బతింటున్నాయి. అందుకే ఈ ముచ్చట.

మన దిక్కు ఈ ప్రశ్నకు పాతకాలం నుంచీ ఒక జవాబుంది. జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది, రెండూ జంట అని. వరి నాట్లకు పోయే ఏ పెద్దమ్మను అడిగినా ఇదే చెప్తుంది. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. రెండూ ఎలుకల కోసమే పొలం గట్లకు వస్తాయి, అవే బొరియల చుట్టూ కనబడతాయి. జెర్రిపోతు పొడుగ్గా, బలంగా ఉంటుంది. నాగుపాము పడగ విప్పి నిలబడుతుంది. చూసినవాళ్లు రెంటికీ జంట కట్టేశారు. నిజానికి అవి వేరు వేరు జాతులు. జెర్రిపోతుకు విషం లేదు, నాగుపాముకు ఉంది. జెర్రిపోతుల్లో ఆడవీ మగవీ ఉన్నాయి, నాగుపాముల్లోనూ అంతే. జత కట్టే మాట అటుంచండి, వీలు చిక్కితే నాగుపాము జెర్రిపోతును మింగుతుంది కూడా.

ఇంకోటి చూడండి. రెండు జెర్రిపోతులు సగం ఒళ్లు పైకి లేపి పెనవేసుకుంటే ఊరంతా ఉరికొస్తుంది. ఆడామగా సయ్యాట అంటారు. వాటి మీద కొత్త బట్ట పరిచి, అవి పోయాక తీసి ఇంట్లో దాచుకుంటే కలిసొస్తుందంటారు. ఆ రెండూ చాలాసార్లు మగవే. బలం చూసుకుంటున్నాయి. ఒకదాని తలను ఇంకోటి నేలకు అదమాలని చూస్తుంది, ఓడినది పక్కకు జరిగిపోతుంది. నిజంగా జత కట్టేటప్పుడు ఇంత హంగామా కనబడదు. మగది ఆడదాని వీపు వెంబడి పాకి, తన తోకను దాని తోక కిందికి చేరుస్తుంది, అంతే. ఆరేడు అడుగుల పాములు పట్టపగలు కళ్లెదుట ఆడుతుంటేనే మనం తరతరాలుగా పొరబడ్డాం. మరి జానెడు, మూరెడు పిల్ల సంగతి ఎట్లా?

ముందు పాము ఒళ్లు ఎట్లా ఉంటుందో తెలియాలి. పామంతా తోకే అనుకుంటారు చాలామంది. కాదు. దాన్ని కింది నుంచి చూస్తే పొట్ట పొడుగునా వెడల్పాటి పొలుసులు ఒకే వరుసలో పోతుంటాయి. ఒకచోట అడ్డంగా గీత వస్తుంది. మలం, మూత్రం, గుడ్లు, పిల్లలు అన్నిటికీ అదే దారి. ఆ గీత దాకా ఒళ్లు, గీత దాటాక తోక. మగపాముకు ఆ తోక మొదట్లో, లోపల, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు జననాంగాలు ఉంటాయి. అవును, రెండు. చొక్కా చెయ్యిని లోపలికి తిరగేసి తోసినట్టు అవి తోకలో దాగి ఉంటాయి. జత కట్టేటప్పుడు ఆ రెంటిలో ఒక్కటే విచ్చుకుని బయటికి వస్తుంది. ఆడదానికి ఆ చోట అంత లోతైన సంచులు ఉండవు. ఘాటైన వాసన చిమ్మే గ్రంథులు మాత్రం ఆడదానికీ మగదానికీ రెంటికీ ఉంటాయి, ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఆడామగా కనిపెట్టే పద్ధతులన్నీ ఈ తోక మొదటి చుట్టే తిరుగుతాయి. నేను మీకు చెప్పేదల్లా ఒకటే. ముందు కంటితో చూసే పద్ధతులు, తర్వాత కుబుసం, చేతులు పెట్టే పద్ధతులు అన్నిటికన్నా చివర, అవీ మన చేతులు కావు.

కంటితో చూసేదేమిటంటే తోక ఆకారం. మగదాని తోక గీత దాటాక కొంత దూరం అదే లావులో పోయి, ఆ తర్వాత సన్నబడుతుంది. లోపల రెండు అంగాలకు చోటు కావాలి కదా. పొడుగు కూడా ఎక్కువే. ఆడదాని తోక గీత దాటగానే సన్నబడుతూ పోయి తొందరగా ముగుస్తుంది. ఇది చూడటానికి పామును పట్టుకుని తిరగేయక్కర్లేదు. అడుగు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని కాసేపు పాకనిచ్చి, డబ్బాను కొంచెం పైకెత్తి కింది నుంచి ఫోనుతో ఫోటోలు తీయండి. పాము తన దారిన తాను పాకుతుంది. ఫోటోను మీరు తీరికగా పెద్దది చేసి చూసుకోవచ్చు. ఒకే ఈనికలోని నాలుగైదు పిల్లల ఫోటోలు పక్కపక్కన పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్క పిల్లనే చూసి తేల్చబోతే మాత్రం తప్పుతుంది. కార్న్ స్నేక్ పెద్దదయ్యాక తోక చూసి చాలావరకు చెప్పొచ్చు. బాల్ పైథాన్‌కు తోకే పొట్టి, పిల్లల్లో తేడా మరీ సన్నం.

కొండచిలువలకు, వాటిని పోలిన బోవా పాములకు ఇంకో గుర్తు ఉంది. ఆ గీతకు రెండు పక్కలా చిన్న ముల్లులాంటి గోర్లు కనబడతాయి. కోట్ల ఏళ్ల కిందట వాటి పెద్దలకు ఉన్న వెనక కాళ్ల మిగులు అవి. మగదానికి పెద్దవిగా ఉంటాయి, జత కట్టేటప్పుడు ఆడదాన్ని గోకడానికి వాడుతుంది. బోవాల్లో ఇది కొంత నమ్మొచ్చు. బాల్ పైథాన్‌లో పెద్ద గోర్ల ఆడవీ, అరిగిపోయిన గోర్ల మగవీ ఉంటాయి. పిల్లల్లో ఐతే చూసినా లాభం లేదు.

ఇప్పుడు కుబుసం దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి ఇదే. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల వారం పదిరోజుల్లో మొదటి కుబుసం విడుస్తుంది. తర్వాత పెరిగే వయసులో కొన్ని వారాలకోసారి విడుస్తూనే ఉంటుంది. ఆ కుబుసం మీద దాని పొలుసులన్నీ అచ్చుపడి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, చిరగకుండా తెల్ల కాగితం మీద పరిచి, గీత దగ్గరి నుంచి తోక చివర దాకా కింది పొలుసులు లెక్కపెట్టండి. కొన్ని పాములకు అవి జంట వరుసలో ఉంటాయి, మన కట్లపాముకు ఒంటి వరుసే. చాలా జాతుల్లో మగదానికి ఈ సంఖ్య ఆడదానికన్నా ఎక్కువ. కొన్నిటిలో రెండు లెక్కలూ కొంతమేర కలిసిపోతాయి కాబట్టి మధ్యలో పడిన సంఖ్యను పట్టుకుని వాదించొద్దు. మరీ ఎక్కువో మరీ తక్కువో వస్తే అది గట్టి ఆధారం. సిరిసిల్లలో సాంచాల దగ్గర పనిచేసినవాళ్లకు పోగులు లెక్కపెట్టే ఓపిక ఉంటుంది, ఒక భూతద్దం ఇచ్చి కూర్చోబెడితే ఈ పని వాళ్లు నాకన్నా బాగా చేస్తారు. కుబుసాలు పారేయకండి. తారీఖు రాసి కవరులో పెట్టి దాచండి. ఎదిగిన మగపాము కుబుసంలో తోక మొదటి దగ్గర ఒక్కోసారి రెండు చిన్న ఎండిన కుచ్చులు అంటుకుని ఉంటాయి. లోపల తిరగబడి ఉన్న అంగాల నుంచి ఊడివచ్చినవి అవి. అవి కనబడితే పాముపై చెయ్యి వేయకుండానే జవాబు దొరికినట్టే.

ఇంత చెప్పినా తొందర ఆగదు. కోరుట్లలో మా మేనల్లుడు ఒకడున్నాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న బాల్ పైథాన్ పిల్ల వాడి దగ్గరుంది. మొన్న వాళ్లింటికి పోతే ఫోన్లో ఒక వీడియో చూపెట్టాడు.

"మామా, గీ తోకను బొటనవేలుతోని ఒత్తితే మగదైతే రెండు ఎర్రటివి బయటికొస్తయట. నువ్వు జర పట్టుకో, నేను ఒత్తి చూస్త."

"వద్దు నాయనా. గది మొన్ననే తిన్నదన్నవు గదా?"

"తిన్నది. నిన్న మాపటికి ఎలుకపిల్ల పెట్టిన."

"తిన్నంక రెండు మూడు దినాలు ముట్టుకోవద్దు. ముట్టుకుంటె తిన్నదంత కక్కుతది. ఇగ ఒత్తుడు మాట ఎత్తకు."

వాడు చూపెట్టిన పద్ధతి లేనిదేమీ కాదు. పెంపకందార్లు, జూ వాళ్లు ఏళ్లుగా చేస్తున్నదే. గుడ్డు నుంచి వచ్చిన మొదటి రోజుల్లో పిల్ల తోక కండరాలు మెత్తగా ఉంటాయి. పిల్లను వెల్లకిలా పట్టుకుని, ఒక చేతి బొటనవేలుతో గీత ముందరి పొలుసును కొంచెం వెనక్కి లాగి, రెండో బొటనవేలును గీత తర్వాత తోక మీద పెట్టి గీత వైపు మెల్లగా దొర్లిస్తే, మగదైతే రెండు ఎర్రని మొటిమల్లాంటివి బయటికి పొడుచుకొస్తాయి. సన్నటి రక్తనాళాలు కూడా కనబడతాయి. పని తెలిసినవాడికి రెండు క్షణాలు చాలు. తెలియనివాడి చేతిలో ఏమవుతుంది? దొర్లించాల్సిన చోట నొక్కుతాడు. తోక ఎముకలు సన్నగా ఉంటాయి, కమిలిపోతాయి, విరుగుతాయి కూడా. లోపలి అంగం నలిగితే ఆ మగపిల్ల ముందుముందు జతకు పనికిరాకపోవచ్చు. బయటికొచ్చిన అంగం తిరిగి లోపలికి పోకుండా ఉబ్బిపోతే పశువైద్యుడి దగ్గరికి ఉరకాలి. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు పొట్ట మీద బొడ్డు చీలిక ఇంకా మానకుండా ఉంటుంది, దాని మీద వేళ్లు పడకూడదు.

ఇంకో చిక్కు ఉంది. రెండు ఎర్రటివి బయటికొస్తే మగది, అది ఖాయం. ఏమీ రాకపోతే ఆడది అని రాసుకోవద్దు. పిల్ల బిగబట్టి ఉండొచ్చు. ఒత్తిన చోటు తప్పి ఉండొచ్చు. ఇందాక చెప్పిన వాసన గ్రంథుల మొనలు ఆడదానిలో కూడా చిన్న చుక్కల్లా కనబడతాయి, వాటిని చూసి మగది అన్నవాళ్లున్నారు. వారాలు గడిచేకొద్దీ కండరాలు గట్టిపడతాయి, అప్పుడు ఒత్తడం పాముకు హింస, మనకు తప్పుడు జవాబు. మేనల్లుడి పిల్లకు అప్పటికే నెలలు నిండాయి.

చేతులు పెట్టే పద్ధతుల్లో రెండోది సన్నటి ఉక్కు సలాక పద్ధతి. మొన గుండ్రంగా ఉండే సలాకను శుభ్రం చేసి, నీటిలో కరిగే జెల్ రాసి, గీత లోపలికి తోక వైపుగా, నడుమన కాకుండా పక్కకు మెల్లగా జారనిస్తారు. మగదైతే తిరగబడి ఉన్న ఆ సంచిలోకి చాలా దూరం పోతుంది. ఆడదైతే వాసన గ్రంథి దాకా పోయి ఆగిపోతుంది. ఎంత దూరం పోయిందో తోక కింది పొలుసులతో కొలుస్తారు. బాల్ పైథాన్‌లో ఆడదానికి సాధారణంగా మూడు నాలుగు పొలుసుల దగ్గర ఆగుతుంది, మగదానికి ఏడెనిమిది దాటుతుంది. జాతిని బట్టి ఈ అంకెలు మారతాయి, ఒక పాము కొలత ఇంకో పాముకు పనికిరాదు. సలాకను తోస్తే లోపలి పొర చిల్లు పడుతుంది, చీము పడుతుంది. పాము బిగబడితే మగదే ఆడదిగా తేలుతుంది. పిల్ల ఎంత చిన్నదైతే ప్రమాదం అంత ఎక్కువ. ఈ సలాకలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దొరికినంత మాత్రాన కొనొద్దు. ఇంట్లో దీనికి చోటే లేదు.

తెలిసినవాళ్లు కూడా ఎంత పొరబడతారో ఒక సంగతి చెప్తాను. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నగరంలో ఒక కాలేజీ ఉంది. అక్కడ రొనాల్డో అని ఫుట్‌బాల్ ఆటగాడి పేరు పెట్టి ఒక రెయిన్‌బో బోవాను ఏళ్ల తరబడి పెంచారు. అందరి లెక్కలో అది మగది. 2024లో, పదమూడేళ్ల వయసులో, రొనాల్డో 14 పిల్లల్ని కన్నది! దాన్ని పెంచిన ఆ ఏళ్లలో దాని దగ్గర ఏ మగపామూ లేదు. మగదాని బీజం లేకుండానే ఆడది పిల్లల్ని కనడం పాముల్లో అరుదుగానైనా జరుగుతుంది. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో అరవై ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్, పదిహేనేళ్లకు పైగా మగదాని ముఖం చూడకుండా, ఏడు గుడ్లు పెట్టింది. ఇంకో దారి కూడా ఉంది. ఆడపాము మగదాని బీజాన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఒంట్లో దాచుకోగలదు. "ఒక్కటే ఉంది కదా, ఆడదైనా మగదైనా మనకెందుకు" అనుకునేవాళ్లు వినాల్సిన సంగతి ఇది. ఆడదని తెలిస్తే గుడ్లు కడుపులో ఇరుక్కునే ప్రమాదం మీద ఓ కన్నేసి ఉంచొచ్చు. రెండు పాముల్ని ఒకే పెట్టెలో పెట్టకుండా జాగ్రత్తపడొచ్చు. తెలుసుకోవాల్సిన అవసరం నిజమే. రేపటికల్లా తెలియాలన్న అవసరం మాత్రం లేదు. పిల్ల జత కట్టే వయసుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కొన్ని జాతుల్లో ఇంకా ఎక్కువ.

ఇంకో అపోహ. గుడ్లకు వేడి ఎక్కువ పెడితే మగవి, తక్కువ పెడితే ఆడవి పుడతాయని కొందరు అంటారు. మొసళ్లకు, చాలా తాబేళ్లకు గుడ్ల వేడిని బట్టి ఆడామగా తేలడం నిజమే. పాములకు కాదు. పాముకు ఆడామగా గుడ్డులోని క్రోమోజోములతోనే తేలిపోతుంది. వేడి పెంచితే పిల్లలు గూని నడుములతో పుడతాయి, అంతే లాభం.

క్రోమోజోముల మాట వచ్చింది కాబట్టి, ఈ ప్రశ్నకు మన హైదరాబాదుతో ఉన్న చుట్టరికం చెప్పకుండా ఉండలేను. 1947లో ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో ఒక పల్లెలో పుట్టిన లాల్జీ సింగ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీద పరిశోధన చేశారు. ఆచార్యుడు రాయ్‌చౌధురి ఆయన గురువు. మనుషుల్లో మగవాడికి ఎక్స్, వై అని వేరు వేరు క్రోమోజోములుంటాయి, ఆడవాళ్లకు రెండూ ఒకే రకం. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు వంటి పాముల్లో ఇది తలకిందులు. మగదానికి రెండూ ఒకే రకం, ఆడదానికే ఒక జెడ్, ఒక డబ్ల్యు. మన పొలాల్లో తిరిగే కట్లపాము ఆడదానికైతే ఈ లైంగిక క్రోమోజోములు మామూలు జతకన్నా ఎక్కువని ఆ బృందం 1970లోనే చూపించింది. డబ్ల్యు క్రోమోజోము బాగా వేరుపడిన జాతుల్లో ఆడపాము కణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల ముదురు చుక్క ఒకటి కనబడుతుందని కూడా వాళ్లే చెప్పారు. తోకను నలపకుండా ఆడదని తేల్చే దారి అది.

తర్వాత ఆయన స్కాట్లండులోని ఎడింబరోకు పోయారు. పసుపు నలుపు పట్టెల కట్లపాము ఆడదాని నుంచి ఒక రకం డీఎన్ఏను వేరు చేశారు. నాలుగు అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే వరుస అది, ఆడదాని డబ్ల్యు మీద కుప్పగా ఉంటుంది. 1987లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు వచ్చాక ఆ పాము డీఎన్ఏనే సాధనంగా చేసి మనుషుల డీఎన్ఏ వేలిముద్రలు తీసే పద్ధతిని మన దేశంలో నిలబెట్టారు. పాము ఆడదా మగదా అన్న ప్రశ్న వెంట పోయిన మనిషి, బిడ్డకు తండ్రి ఎవరో కోర్టుల్లో తేల్చే సాధనంతో వచ్చారు. రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తులోనూ ఆ విద్య పనికొచ్చింది. 1998 నుంచి 2009 దాకా ఆయన సీసీఎంబీ డైరెక్టరుగా ఉన్నారు. అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జంతువుల కోసం లాకోన్స్ ప్రయోగశాల వెలిసింది ఆయన పూనికతోనే. 2017 డిసెంబరులో కన్నుమూశారు. మన పిల్లల పాఠాల్లో ఈ కథ ఉండాలని నాకు గట్టిగా ఉంది.

ఆయన కన్నుమూసిన 2017లోనే ఇంకో సంగతి తేలింది. బోవాలు, కొండచిలువల్లో లెక్క మనుషుల మాదిరే, మగదానికే ఎక్స్, వై. అంతకుముందు దశాబ్దాలుగా అన్ని పాములూ ఒకటే అనుకున్నారు. బాల్ పైథాన్ పెంచేవాళ్లకు అప్పటికే అనుమానం ఉంది. బనానా అనే పసుపు రంగు రకంలో కొన్ని మగవాటికి పుట్టిన పసుపు పిల్లలు దాదాపు అన్నీ మగవే, ఇంకొన్నిటికి పుట్టినవి దాదాపు అన్నీ ఆడవే. రంగు క్రోమోజోముతో ముడిపడి ఉంటే తప్ప అట్లా జరగదు. ఇప్పుడు అమెరికాలో కుబుసం ముక్కను కవరులో పెట్టి పంపితే డీఎన్ఏ చూసి బాల్ పైథాన్ ఆడదో మగదో చెప్పే ప్రయోగశాలలున్నాయి. నేను కుబుసాలు దాచమన్నది అందుకు కూడా. ఆ సౌకర్యం మన దగ్గరికి మామూలుగా వచ్చిననాడు మీ దగ్గర సరుకు సిద్ధంగా ఉంటుంది.

పెంచుకునే పాములంటే నేను విదేశీ పాముల పేర్లే చెప్తున్నానని గమనించారా? కారణముంది. మన పొలాల్లో, మన పుట్టల్లో ఉండే ఏ పామునూ పట్టి పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నాగుల పంచమికి బుట్టల్లో పాముల్ని తెచ్చి ఆడించేవాళ్ల దగ్గరి నుంచి అటవీశాఖ వాటిని స్వాధీనం చేసుకునేది అందుకే. హైదరాబాదులో 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇట్లాంటి పాముల్ని కాపాడి అడవికి చేర్చే పని ఏళ్లుగా చేస్తోంది. రెండు తలల పాము పేరుతో జరిగే వ్యాపారమంతా మోసం. పాపం దానికి తోక మొద్దుగా ఉంటుంది, అంతే. అది అదృష్టం తేదు, దాన్ని కొన్నవాడికి జైలు తెస్తుంది. విదేశీ పాములకు కూడా ఇప్పుడు లెక్క ఉంది. 2022లో చట్టాన్ని సవరించారు, 2024లో నియమాలు వచ్చాయి. బాల్ పైథాన్ వంటి, వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే జంతువుల్ని పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి తీరాలి, పిల్లలు పుట్టినా తెలపాలి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకండి.

పొలంలో దొరికిన పిల్ల గురించి ఒక్క మాట, గట్టిగా చెప్తున్నాను. ఎండాకాలం చివరి నుంచి వానాకాలం దాకా పాముపిల్లలు బయటపడతాయి. రక్తపింజర గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది, ఒక్క కాన్పులో ఇరవై ముప్ఫై దాకా. జానెడు పొడుగున మచ్చలతో ఉన్న ఆ పిల్లను చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేతిలోకి తీసుకున్నవాళ్లున్నారు. దానికి పుట్టినరోజు నుంచే విషముంటుంది. నాగుపాము పిల్లకూ అంతే, కట్లపాము పిల్లకూ అంతే. అట్లాంటిదాన్ని పట్టుకుని తోక వత్తి ఆడామగా చూడటం సంగతి ఊహించుకోవడానికే భయమేస్తుంది. పొలంలో పిల్ల కనబడితే రెండడుగులు వెనక్కి వేయండి, అది పోయేదాకా ఆగండి. ఇంట్లోకి వస్తే అటవీశాఖకో, పాముల్ని పట్టడం తెలిసినవాళ్లకో ఫోన్ చేయండి. కరిస్తే మంత్రాలు, కట్లు, కోతలు పెట్టుకోకుండా పెద్దాసుపత్రికి పోండి.

మేనల్లుడి కథ మిగిలింది. వాడి పాము విషయంలో తేలింది ఇది. నోటుబుక్కులో లింగం అన్న గడిలో "తెలియదు" అని రాసి పెట్టాడు. వారానికోసారి తూచి బరువు రాస్తున్నాడు. కుబుసాలు దాస్తున్నాడు. తప్పనిసరిగా తెలియాల్సి వస్తే ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం. కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది, పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. పశువైద్యులందరికీ పాముల మీద చెయ్యి తిరిగి ఉండదు, ఆవులు, గేదెలు, మేకలే వాళ్ల రోజువారీ పని. అందుకని ముందు ఫోన్ చేసి నేరుగా అడగాలి: సార్, పాములకు సలాకతో ఆడామగా చూసే అనుభవం మీ దగ్గర ఎవరికైనా ఉందా, ఏ జాతులకు చూశారు, ఎన్ని గ్రాముల పిల్లను చూస్తారు, ముందు అల్ట్రాసౌండ్‌తో చూడొచ్చా అని. పెద్ద పాముల్లో అల్ట్రాసౌండ్‌తో గుడ్లు కనబడతాయి, మత్తిచ్చి చేసే పద్ధతులూ ఉన్నాయి. లేదంటే హైదరాబాదులో విదేశీ జంతువుల్ని చూసే వైద్యుడి పేరు వాళ్లనే అడగాలి.

డాక్టరు దగ్గరికి పోయేరోజు గురించి కూడా వాడికి చెప్పాను. తిన్నాక మూడు రోజులు గడవాలి. కళ్లు పాలరంగుకు తిరిగి ఉంటే, అంటే కుబుసం విడవబోతుంటే, ప్రయాణం వాయిదా వేయాలి, అప్పుడు చర్మం చాలా సున్నితం. పాత నూలు దిండుగలీబులో పామును వేసి, మూతి ముడి వేసి, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. బండి ట్యాంకు మీద, ఎండలో పెట్టకూడదు, పొద్దున్నే పోయి ఎండెక్కకముందే తిరిగి రావాలి. పామును ఎత్తినప్పుడు రెండు చేతులతో ఒళ్లంతా ఆన్చి పట్టాలి, తోక పట్టుకుని వేలాడదీయకూడదు. వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ రోజూ మర్నాడూ దాన్ని దాని పెట్టెలో వదిలేయాలి. తోక దగ్గర వాపు గానీ, రక్తం చుక్క గానీ కనబడితే ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోటో పంపాలి.